పసిబిడ్డ జ్వరము – ఇంటిపెద్దల తీర్పు

నేటి నా ప్రసంగము పసిబిడ్డలకు వచ్చు జ్వరమును గూర్చినది. ఎట్టి జ్వరమును ఇంటియొద్దనే యుండి కనిపెట్టి చూడవచ్చును, ఎట్టి జ్వరమునకు వెంటనే వైద్యునికడకు పోవలెను అనునదియే విచారణీయాంశము. నేను వైద్యుడను గాను. బాల్యమున గురువులకడ అమరమును, కావ్యములను, కొంత వ్యాకరణమును చదువుకొని, పిమ్మట బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. వైద్యుడు కానివాడు ఈ విషయమున నోరు తెరచుట యేలయని మీరడుగవచ్చును. బిడ్డ యొడలు వెచ్చబడినప్పుడు మొదటి తీర్పు చెప్పువాడు వైద్యుడు కాడు గదా! తల్లి వచ్చి చెప్పును. అత్తగారు నుదురు తాకి చూచును. తండ్రి గుమ్మమున నిలువబడును. పిమ్మట అందరును ఇంటిపెద్ద మొగమువైపు చూతురు. ఆ పెద్ద “పొద్దున చూతములే” యన్నచో ఆ రాత్రి బిడ్డ యిల్లు కదలదు. “ఆటోను పిలువుడు” అన్నచో కదలును. అట్లు తీర్పు చెప్పు పెద్దలలో నేనొకడను. తప్పుతీర్పు చెప్పినవారిలోను నేనొకడను. అందువలననే యీ సాహసము.

2008వ సంవత్సరము వేసవిలో మా పెద్దమ్మాయి తొలికాన్పునకు పుట్టింటికి వచ్చెను. మగబిడ్డ కలిగెను. ఇరువదియొకటవ దినమున బాలసారె నిశ్చయించి బంధువులను పిలిచితిమి. ముందునాటి సాయంకాలమునకే ఇల్లంతయు చుట్టములతో నిండినది. పెరటిలో గాడిపొయ్యి త్రవ్వించుచున్నాము. అమ్మాయి నాకడకు వచ్చి, “నాన్నగారూ, మధ్యాహ్నమునుండి వీడు పాలు సరిగా పట్టుటలేదు, ఒళ్లు వెచ్చగా నున్నది” అనెను. నేను చేయి వేసి చూచితిని. వెచ్చగనే యున్నది. వైశాఖమాసపు టెండలు, బిడ్డను పొత్తిగుడ్డలలో రెండు మూడు పొరలు చుట్టి యుంచిరి. “ఎండవేడి తల్లీ, రేపు వేడుక కానిమ్ము, తరువాత చూతము” అంటిని. మా యమ్మ దిష్టి తీసెను. అమ్మాయి మరి రెండుమారులు వచ్చి అదేమాట చెప్పెను. మూడవమారు నేను కసరుకొంటిని.

రాత్రి రెండుగంటల వేళ బిడ్డ యేడ్చుట మానెను. నిద్రపట్టినదని మేమందరము సంతోషించితిమి. తల్లి యొక్కతె మాత్రము నమ్మలేదు. దీపము వెలిగించి, బిడ్డ చేయి యెత్తి విడిచిచూచి, తడిగుడ్డవలె జారిపోవుచున్నదని కేకవేసెను. 108 బండి వచ్చునప్పటికి మూడు దాటినది. ఆసుపత్రిలో వెన్నునుండి నీరు తీసి పరీక్షించి, క్రిములు మెదడుపొరలకు ప్రాకినవనిరి. మూడు వారములు సూదిమందులు వేసిరి. బిడ్డ బ్రదికెను. వినికిడి పోయినది. నా మనుమడును నేనును వ్రాతతోను, చేతిసైగలతోను మాటలాడుకొందుము. వాడు నాకంటె చురుకైనవాడు. సైగలలో నా తప్పులను దిద్దుచుండును. “ఆ సాయంకాలమే తెచ్చియున్నచో చెవులు దక్కెడివా?” యని నేను డాక్టరుగారి నడిగితిని. “ఆ మాట యెవరును చెప్పలేరు, కాని యీ వ్యాధిలో ప్రతి గంటకును విలువ కలదు” అని యామె యనిరి. అంతకుమించి నన్నొక్కమాటయు నిందింపలేదు. ఆ తరువాత నేను అడిగియు, చదివియు తెలిసికొన్నదానిని మీతో చెప్పెదను.

జ్వరము వచ్చినదనగానే మనమందరము “ఎంత యున్నది?” అని యడుగుదుము. అంతకుముందు అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు. బిడ్డ కెన్ని దినములు? పుట్టినది మొదలు మూడు నెలలు నిండువరకు వచ్చిన జ్వరము ఒక జాతి. ఆపైని వచ్చునది మరియొక జాతి. ఈ రెంటికిని పేరొకటే యగుటచేత మనము పొరబడుచున్నాము.

రెండు నెలలు నిండని శిశువునకు చంకలో పెట్టిచూచినప్పుడు ధర్మామీటరు ఫారన్‌హీట్ లెక్కను 99.5 డిగ్రీలు గాని, అంతకు మించి గాని చూపినచో, అది జ్వరమే. మన దేశమున ఆరోగ్యకార్యకర్తలకు నేర్పు లెక్క యిదియే. ఆ శిశువును అప్పుడే ఆసుపత్రికి చేర్చవలెను. తెల్లవారనిమ్మనుట లేదు, మంగళవారమనుట లేదు. మూడవ నెలలోనున్న బిడ్డకు 100.4 డిగ్రీలున్నచో ఆ పూటయే వైద్యుడు చూడవలెను. బిడ్డ నవ్వుచున్నను సరియే. ఇంత కఠినముగా గీత గీయుటకు కారణము వినుడు. పెద్దపిల్లల యొడలు రోగక్రిమిని ఒకచోట నిలిపి పోరాడగలదు. చెవిలోనో, గొంతులోనో, రొమ్ములోనో అది చిక్కుకొనును. నెలల బిడ్డకు ఆ కోటగోడ యింకను కట్టబడలేదు. క్రిమి రక్తమున ప్రవేశించినచో గంటలలోనే మెదడువరకు పోగలదు. పోవుచున్నను బిడ్డ పైకి చూపు గురుతు లత్యల్పములు. కొంచెము మందగించుట, కొంచెము పాలు తగ్గించుట, అంతే. వైద్యులు సైతము ఇంత చిన్నబిడ్డను కంటితో చూచి “ఇది సామాన్యము” అని చెప్పుటకు సాహసింపక రక్తమును, మూత్రమును పరీక్షింతురు. వారే చేయని సాహసము మనము చేయరాదు గదా.

ఇంకొక విశేషము. ఇంత లేతబిడ్డకు రోగము ముదిరినప్పుడు ఒడలు వెచ్చబడుటకు మారుగా చల్లబడవచ్చును. చంకలో 96 డిగ్రీలకు దిగువగా నున్నను, పొట్టయు పాదములును చల్లగా తగిలినను, అదియు జ్వరమంత భయంకరమైనదే. “వేడి తగ్గినది, చల్లబడినాడు” అని సంతోషించి పడుకొన్న యిండ్లు కలవు.

మరి వేసవిలో, మూడు పొరలు చుట్టిన బిడ్డ నిజముగనే ఎండవేడిచేత వెచ్చబడునుగదా యని మీరందురు. అది నిజమే, నేనా సాయంకాలము చెప్పినమాట పూర్తిగా అబద్ధము కాదు. నేను దానిని పరీక్షింపకపోవుటయే తప్పు. చుట్టినగుడ్డలు తీసి, ఒక పలుచని చొక్కాతో, గాలియాడు నీడపట్టున పావుగంట యుంచి, మరల ధర్మామీటరు పెట్టి చూడుడు. వేడి దిగి, బిడ్డ ఎప్పటివలె పాలు త్రాగినచో, ఎండవేడియే. దిగకున్నను, దిగియు పాలు త్రాగకున్నను, ఎండమీద నెపము పెట్టరాదు. పావుగంటకు మించి వేచియుండరాదు.

ధర్మామీటరు సంగతి వచ్చినది గనుక ఒకమాట. పూర్వము వైద్యుల కుష్ణమాపకములు అడుగు పొడవున నుండెడివి; ఒక్కమారు చూచుటకు ఇరువది నిమిషములు పట్టెడిది. 1860 తరువాతి దశకమున ఆల్బట్ అను ఆంగ్లవైద్యుడు దానిని ఆరంగుళములకు కురుచ చేసెను. 1868లో వుండర్లిక్ అను జర్మను వైద్యుడు వేలకొలది రోగుల వేడి కొలిచి గ్రంథము ప్రకటించి, జ్వరము తానొక రోగము కాదనియు, రోగము చూపు గురుతు మాత్రమేయనియు వైద్యలోకమున స్థిరపరచెను. నూటయేబది యేండ్లు గడచినను మనము చేయివేసి చూచుటయందే యున్నాము. పొయ్యికడనుండి వచ్చిన చేతికి జ్వరపుబిడ్డ చల్లగా తోచును. నీళ్లబిందె దించి వచ్చిన చేతికి మంచిబిడ్డ జ్వరముగా తోచును. ఇప్పుడు అంకెలు చూపు ధర్మామీటరు మందులకొట్టులో పండుగనాటి పూలకయ్యెడి ఖర్చుకే దొరకుచున్నది. చంక తడిలేకుండ తుడిచి, దాని కొన చంకగుంటలో నానించి, బిడ్డచేతిని ప్రక్కకు హత్తి, అది కూయువరకు పట్టుకొనవలెను. పాతదగు పాదరసపు ధర్మామీటరు ఇంటనున్నచో దానిని విదిలించి పాదరసము దించి, అయిదు నిమిషము లుంచవలెను. పగిలినప్పుడు ఆ పాదరసమును పిల్లలు తాకరాదు. పల్లెయందలి ఆశా కార్యకర్తకడను ధర్మామీటరుండును. ఆమె కాన్పైన యింటికి 3, 7, 14, 21, 28, 42వ దినములలో వచ్చి బిడ్డను చూడవలెనని యేర్పాటు. ఆమె వచ్చినప్పుడు “అంతా బాగున్నది” అని గుమ్మమునుండియే పంపివేయకుడు. లోపలికి పిలిచి, బిడ్డను చూపి, ధర్మామీటరు పెట్టుట నేర్పుమని యడుగుడు. నేను అరువది దాటిన పిమ్మట అట్లే నేర్చుకొంటిని.

ఇక మూడు నెలలు దాటిన బిడ్డలు. ఇచట అంకె ప్రాముఖ్యము తగ్గి, బిడ్డ వాలకము ప్రాముఖ్యము పెరుగును. మూడు మొదలు ఆరు నెలలలోపు బిడ్డకు 102 డిగ్రీలు దాటినచో, ఆడుచున్నను ఆనాడే చూపుట మేలు. ఆపైని వయసు బిడ్డకు 102 ఉండియు వేడి కొంత తగ్గగానే లేచి, బొమ్మ కొరకు చేయి చాచినచో ఆ రాత్రికి భయములేదు. 100 మాత్రమే యుండియు తల్లిమొగము చూడక, గోడవైపు చూచుచు పడియున్న బిడ్డను చూచినచో భయపడవలసినదే. నేను చదివిన ప్రాచీనవైద్యమున కాశ్యపసంహిత యని యొక గ్రంథము కలదు. పిల్లల వైద్యమునకే యేర్పడినది. నేపాళమున లభించిన ప్రతి నాధారముగా చేసికొని 1938లో అది అచ్చయినది. మాటలు రాని శిశువు బాధను ఎట్లు గుర్తింపవలెనో చెప్పుటకే దానిలో వేదనాధ్యాయమని యొక యధ్యాయము కలదు. చెవిపోటు గల శిశువు చేతులతో చెవులను తాకుననియు, తలనొప్పి గల శిశువు తల నటునిటు కదల్చుననియు, ఇట్లొక్కొక బాధకును గురుతులు చెప్పబడినవి. చికిత్స సంగతి యటుండనిండు. కాలము మారినది, మందులు మారినవి. శిశువును కనులార చూడుమని చెప్పిన యుపదేశము మాత్రము నేటి ఆసుపత్రిలోని డాక్టరు చెప్పునదే.

కావున, వయసెంతయైనను, జ్వరమెంతయైనను, ఆలసింపక బయలుదేరవలసిన గురుతులు ఇవి. బిడ్డ పాలు గాని, ఆహారము గాని పుచ్చుకొనలేకుండుట. త్రాగినదంతయు వెంటనే వాంతి యగుట. మూర్ఛ, అనగా ఫిట్సు వచ్చుట. లేపినను లేవక మగతగా పడియుండుట, లేదా లేచియు మనిషిని గుర్తింపకుండుట. మెడ బిగుసుకొనుట. మాడు ఉబ్బియుండుట, ఏడాది, ఏడాదిన్నర వరకు నడినెత్తిని మెత్తగానుండు మాడు బిడ్డ ఏడ్వక కూర్చున్నప్పుడు సమముగా నుండవలెను, ఉబ్బినచో మెదడున వత్తిడియనియు, గుంట పడినచో ఒడలిలో నీరు తగ్గినదనియు తెలియవలెను. ఒంటిమీద ఎర్రని లేదా నల్లని మచ్చలు కనబడి, గాజుగ్లాసుతో అదిమినను మాయకుండుట. ఎనిమిది గంటలు గడచినను మూత్రము పోయకుండుట. పెదవులు నీలిబారుట.

శ్వాసను గూర్చి వేరుగా చెప్పవలెను. ఇది పెద్దలు చేయదగిన పని. దీనికి కావలసినది సెకండ్లముల్లు గల గడియారమును, కొంచె మోపికయు మాత్రమే. బిడ్డ యేడ్వకుండ, పాలు త్రాగకుండ, నెమ్మదిగా నున్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట యెన్నిమార్లు లేచునో నిండు నిమిషము లెక్కింపవలెను. సగము నిమిషము లెక్కించి రెట్టింపు చేయరాదు. పసిబిడ్డల శ్వాస ఒకప్పుడు నిలిచి ఒకప్పుడు పరుగెత్తును. రెండు నెలలలోపు బిడ్డకు 60 గాని అంతకు మించి గాని యున్నచో మరల లెక్కింపవలెను. రెండవమారును అట్లే యున్నచో ఆసుపత్రి. రెండు నెలలనుండి ఏడాదిలోపు 50, ఏడాదినుండి అయిదేండ్లలోపు 40 హద్దు. ఈ హద్దు చేరినచో ఊపిరితిత్తులకు న్యుమోనియా యని యనుమానింపవలెను. మన తల్లులు “డొక్క లెగరవేయుచున్నాడు” అందురు చూడుడు, శ్వాస పీల్చినప్పుడెల్ల ప్రక్కటెముకల క్రిందిభాగము లోనికి గుంటపడుట, అది మరియు ప్రమాదము. అంకె లెక్కపెట్టుచు కూర్చుండక బయలుదేరవలెను. మా ఊరిలో నొక రైతు, చదువు నాలుగవ తరగతి, పంపుసెట్టుకడ కూర్చుండి ఫోనులోని గడియారమును చూచి మనుమరాలి శ్వాస లెక్కించి 58 అని తెలిసికొని తీసికొనిపోయెను. ఆ పిల్ల యిప్పుడు బడికి పోవుచున్నది.

మూడు దినములు గడచినను తగ్గని జ్వరమును, గురుతు లేమియు లేకున్నను, చూపింపవలెను. మన్యప్రాంతముల వారు మూడు దినములు వేచియుండరాదు. మలేరియా గల చోట మొదటిదినముననే రక్తపరీక్ష చేయించుట మంచిది, ఆ పరీక్ష ఆశా కార్యకర్తయే చేయగలదు. వానకాలమున వచ్చు డెంగీజ్వరమున నొక మోసము కలదు. మూడు మొదలు ఏడవ దినములోపల జ్వరము దిగును. ఇంటివారు ఊరట చెందుదురు. అసలు ప్రమాదము అప్పుడే మొదలు. జ్వరము దిగినపిమ్మట కడుపునొప్పి, మాటిమాటికి వాంతులు, చిగుళ్లనుండి రక్తము, చల్లబడిన చేతులు, విడువని మగత కనబడినచో తగ్గినదనుకొనకుడు.

టీకా వేసినదినమున, మరునాడు వచ్చు జ్వరమును గూర్చి చాలమంది యడుగుదురు. ఆరు, పది, పదునాలుగు వారములకు వేయు టీకా పిమ్మట ఒడలు వెచ్చబడుట సామాన్యమే. కాని ఆరువారముల బిడ్డ మనము గీసిన గీతలోపలివాడని మరువరాదు. టీకా వేసిన నర్సమ్మకు ఫోనుచేసి చెప్పుడు. ఆమె చెప్పిన కొలతనే మందు వేయుడు. పాలు మానినను, రెండవదినము దాటినను టీకామీద నెపము పెట్టక తీసికొనిపొండు. పండ్లు మొలచుటవలన 102, 103 డిగ్రీల జ్వరము వచ్చుననుమాటయు నిజము కాదు. అది మన యిండ్లలో ఎన్నో నిజమైన జ్వరములను కప్పిపుచ్చినది.

ఇంటియొద్ద చేయవలసినది కొంచెమే. పాలు తరచుగా ఇప్పించుడు. లంఖణము పరమౌషధ మనుమాట పెద్దవాని అజీర్ణమునకు చెల్లునేమో గాని పాలుత్రాగు బిడ్డకు చెల్లదు. ఆ బిడ్డకు పాలే యన్నము, పాలే నీరు. ఆరునెలలలోపు బిడ్డకు ఎంత యెండయైనను వేరుగా నీళ్లు పోయనక్కరలేదు. పలుచని బట్ట వేయుడు. చన్నీళ్లలో ముంచుట, మంచుగడ్డలు పెట్టుట కూడదు. బిడ్డ వణకి, లోపలి వేడి మరింత పెరుగును.

జ్వరపుమందు పారాసిటమాలును మూడునెలలలోపు బిడ్డకు వైద్యుడు చెప్పక వేయరాదు. ఆపైని వారికి బరువునుబట్టి, కిలో యొక్కంటికి 10 మొదలు 15 మిల్లీగ్రాములవరకు ఒక మోతాదు. నాలుగైదు గంటలలోపల మరల వేయరాదు. దినమునకు నాలుగుమార్లకు మించరాదు. ఇచట నొక ఆపద కలదు, జాగ్రత్తగా వినుడు. ఈ మందు సీసాలన్నియు నొకే గాఢత గలవి కావు. చుక్కలమందులో ఒక మిల్లీలీటరునకే 100 మిల్లీగ్రాము లుండవచ్చును. సిరప్పులో అయిదు మిల్లీలీటరులకు 125 ఉన్నది యొకటి, 250 ఉన్నది యొకటి. ఎనిమిది కిలోల బిడ్డకు 100 మిల్లీగ్రాములు కావలెననుకొనుడు. చుక్కలమందైనచో ఒక మిల్లీలీటరు చాలును. 125 సిరప్పైనచో నాలుగు, 250 దైనచో రెండు. “చెంచాడు పోయవలెనట” అని విని చుక్కలమందును చెంచాతో పోసినచో అయిదింతలు పోసినట్లగును; అది కాలేయమును చెరచును. కనుక సీసామీది అంకె చదివి పోయుడు. ఇంట చదువు వచ్చిన పెద్ద యుండుట దీనికే. పిల్లలకు ఆస్పిరిన్ ఈయరాదు. నిమెసులైడ్ అను మందును పండ్రెండేండ్లలోపు పిల్లలకు వాడరాదని మన ప్రభుత్వము 2011లో నిషేధించినది; మీ యలమరలో పాతసీసా యున్నచో పారవేయుడు. మందు వేసినపిమ్మట వేడి దిగినంతమాత్రమున రోగము తగ్గినట్లు కాదు. వేడి దిగినప్పుడు బిడ్డ ఎట్లున్నాడో చూచుటకు అది మంచి సమయము, అంతే.

ఫిట్సు వచ్చినచో ఇల్లంతయు కలవరపడుట సహజము. ఆరునెలలనుండి అయిదేండ్లవరకు గల పిల్లలలో కొందరికి జ్వరము పెరుగునప్పుడు ఇట్లగును. చాలవరకు కొద్దినిమిషములలో నిలిచిపోవును. బిడ్డను ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడు. నోటిలో చెంచాగాని, వ్రేలుగాని పెట్టకుడు; నీళ్లు పోయకుడు. చేతిలో ఇనుపతాళపుచెవి పెట్టుట, ముక్కుకడ ఉల్లిపాయ పట్టుట వలన ప్రయోజనములేదు. అయిదు నిమిషములు దాటినచో 108ని పిలువుడు; దాటకమునుపే నిలిచినను మొదటిమారు వచ్చినదానిని తప్పక చూపింపవలెను.

దిష్టి, గాలి, పక్షిదోషము అని మన యిండ్లలో ఆడువారు అందురు. నేను వారిని పరిహసింపను. మా యమ్మయు అట్లే పెంచినది నన్ను. దిష్టి తీయుట కొక్క నిమిషము పట్టును. తీసి, ఆటో యెక్కుడు. తాయెత్తు కట్టవలెనన్నచో దారిలో కట్టుడు. కాని పొట్టమీద వాతలు పెట్టుట, ముక్కులో పసరు పిండుట మాత్రము ఎవరు చెప్పినను ఒప్పుకొనకుడు. వాత పెట్టిన గాయమునుండి క్రొత్తక్రిమి ప్రవేశించును. పసరు ఊపిరితిత్తులలోనికి పోవును. పంచాంగము చూచువారిలో నేనును ఒకడను. ఆపత్కాలమున తిథివారములు చూడనక్కరలేదని శాస్త్రజ్ఞులే చెప్పుదురు. ఊరిలో సూదివేయు వైద్యునికడకు పోయి “ముందొక ఇంజక్షను చేయించి చూతము” అనుటయు ఇట్టి ఆలస్యమే. ఆ సూది వేడిని దింపును, ఇంటివారి భయమును దింపును. లోపలి రోగము తన పని చేసికొనుచుండును.

ఇంకొకమాట చెప్పవలసియున్నది, చెప్పుటకు నాకు కష్టముగా నున్నది. మా అమ్మాయి ఆ సాయంకాలము మూడుమారులు వచ్చినది. ఆమె వైద్యము చదువలేదు, ధర్మామీటరు చూడలేదు. వాడు పాలు పట్టువిధము మారినదని మాత్రము ఆమెకు తెలిసినది. ఇరువది దినములు పగలు రాత్రి వానితోనే యున్నది గనుక తెలిసినది. నాకు తెలియలేదు, నేను వానిని రోజున కొక్కమారు చూచెడివాడను. “నా బిడ్డ ఎప్పటివలె లేడు” అని తల్లి చెప్పినప్పుడు అది కేవలము భయముకాదనియు, తాను కంటితో చూచినదానినే చెప్పుచున్నదనియు ఇప్పుడు వైద్యులు కూడ లెక్కలోనికి తీసికొందురు. మన యిండ్లలో ఇరువదేండ్ల తల్లి, అత్తగారింటనున్నప్పుడు మరియును, గట్టిగా చెప్పలేదు. రెండవమారు అడుగుటకే జంకును. అందుచేత నేను మా యింట ఒక యేర్పాటు చేసితిని. రాత్రివేళ బిడ్డను ఆసుపత్రికి తీసికొనిపోవలెనా యను ప్రశ్న నన్నడుగనక్కరలేదు. తల్లి పోవలెననుకొన్నచో నన్ను లేపి, తోడు రమ్మని మాత్రము చెప్పవలెను. ఊరక పోయివచ్చినామనుకొనుడు, ఆటోఖర్చు ఎన్నో రూపాయలు గాదు. నా చిన్నకోడలు అట్లు రెండుమారులు లేపినది. ఒకమారు ఏమియు లేదని పంపివేసిరి. రెండవమారు మూత్రమున క్రిమి యున్నదని మందిచ్చిరి.

బయలుదేరునప్పుడు తల్లీబిడ్డల కార్డు తీసికొనుడు. దానిలో టీకాలు, బరువు వ్రాసియుండును. జ్వరము ఎప్పుడు మొదలైనది, ఎంత చూపినది, ఏ మందు ఎంత వేసినారు, చివర పాలెప్పుడు త్రాగెను, మూత్రమెప్పుడు పోసెను అను నైదింటిని ఒక కాగితముపై వ్రాసికొనుడు. ఆసుపత్రిలో ఆందోళనవలన నోటికి రావు. వేసిన మందుసీసాను కూడ సంచిలో వేసికొనుడు. నెలలబిడ్డను తల్లి తన రొమ్మునకు హత్తుకొని, చీరచెంగు కప్పి తీసికొనిపోవలెను; త్రాగగలిగినచో దారిలో పాలీయవలెను. మా యింట ధర్మామీటరు పంచాంగము వ్రేలాడు మేకుకే చిన్నసంచిలో వ్రేలాడుచున్నది. ఆ ప్రక్కనే గోడమీద 108 అనియు, నర్సమ్మ ఫోను నంబరును, ఊరిలో రాత్రివేళ వచ్చు ఆటోవాని నంబరును బొగ్గుతో పెద్దక్షరములలో వ్రాసితిని. మా మనుమడు వచ్చినప్పుడెల్ల, వానకు చెరిగిన అంకెలను మరల దిద్దిపోవుచుండును.